అప్‌డేట్: కొత్త రిమోట్ కీ పనిచేస్తోంది

కొత్త రిమోట్‌ను ఎన్నిసార్లు ప్రోగ్రామ్ చేసినా (అంటే కారుకు దాన్ని గుర్తుపట్టడం నేర్పినా) కారు పట్టించుకోవడం లేదని ఇదివరకు అడిగాను కదా, తప్పు కారులో లేదు. పాత రిమోట్ 315 మెగాహెర్ట్జ్, కొత్తది 433. కేసు, బటన్లు అచ్చం ఒకేలా ఉన్నా ఫ్రీక్వెన్సీ వేరైతే కారుకు ఆ సిగ్నలే అందదు. కొనేముందు పాతదాని మీదున్న పార్ట్ నంబరు పోల్చుకోండి.

సరైనది వచ్చాక చేసింది ఇదీ (పాత ఫోర్డ్ మోడల్): తలుపులన్నీ మూసి, ఇంజిన్ స్టార్ట్ చేసే చోట తాళాన్ని ఆఫ్ నుంచి ఆన్‌కి 10 సెకన్లలోపు 8 సార్లు తిప్పాలి. ఎనిమిదోసారి ఆన్‌లోనే ఆపాలి. డోర్ లాకులు ఒకసారి పడి లేస్తాయి. ఆ వెంటనే, 20 సెకన్లలోపు, రిమోట్‌లో ఏదో ఒక బటన్ నొక్కితే లాకులు మళ్లీ కదులుతాయి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: కొత్తది నేర్చుకోగానే కారు పాతవాటిని మరిచిపోతుంది. కాబట్టి ఇంట్లో ఉన్న రిమోట్లన్నీ పక్కనే పెట్టుకుని, అదే విడతలో ఒక్కోటీ నొక్కాలి. మిగతా కంపెనీల పద్ధతి వేరు, మాన్యువల్ చూడాల్సిందే.

మొదట బటన్ నొక్కినా స్పందన లేదు. రిమోట్ తెరిచి చూస్తే సీఆర్2032 బ్యాటరీ కింది రేకు అణిగిపోయి, సెల్‌ను సరిగా తాకడం లేదు. పిన్నుతో కాస్త పైకి లేపితే సరిపోయింది.

ఇంకోమాట, ఇదంతా తలుపుల వరకే. ఇంజిన్ స్టార్ట్ చేయనిచ్చే ఇమ్మొబిలైజర్ చిప్ వేరు, దాన్ని విడిగా ప్రోగ్రామ్ చేయాలి.