రంగేసిన టీషర్టులో పత్తి ఏ ప్రాంతానిదో పరీక్షలో తేలుతుందా?

గుంటూరు_నూలు:
అమెరికా బయ్యర్ మా టీషర్టుల్లో చైనాలోని షిన్‌జియాంగ్ పత్తి లేదని రుజువు అడుగుతున్నారు. సరుకు నూటికి నూరు కాటన్, రంగేసి ప్రింట్ కొట్టినది. డీఎన్‌ఏ పరీక్ష సరిపోతుందా? శాంపిల్ ఎక్కడ తీయాలి?

ల్యాబ్_బెంచ్:
డీఎన్‌ఏ ఈ పనికి రాదండి. అది పత్తి జాతిని చెబుతుంది, ఊరిని కాదు. షిన్‌జియాంగ్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ ఎక్కువగా పండేది ఒకే జాతి, హిర్సుటమ్ అనే మామూలు పత్తే. పైగా గుడ్డను శుభ్రం చేసి తెల్లబరిచే కాస్టిక్, పెరాక్సైడ్ వేడికి డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. గిజా (ఈజిప్టు పొడవు పింజ పత్తి) పేరుతో అమ్మే దుప్పట్లో మామూలు పత్తి కలిపారా అన్నది తేల్చడానికైతే వాడొచ్చు. అక్కడా బార్బడెన్స్ (గిజా పత్తి జాతి) అని వస్తే ఈజిప్టుదే అనుకోకూడదు, మన దేశంలో పండే సువిన్ రకం కూడా ఆ జాతే.

మీకు కావలసింది ఐసోటోప్ పరీక్షే, అంటే ఒకే మూలకంలోని బరువైన, తేలికైన అణువుల నిష్పత్తిని కొలవడం. మొక్క తాగిన నీటి గుర్తు పత్తి పోగులో ఉండే సెల్యులోజ్‌లోని ఆక్సిజన్‌లో నిలిచిపోతుంది. షిన్‌జియాంగ్ పొలాలకు పారేది ఎక్కువగా కొండల మీద మంచు కరిగిన నీరు, గాలి కూడా బాగా పొడి. మన వానాధార పత్తికి ఆ లెక్క వేరు. రంగు అద్దకంలో ఈ ఆక్సిజన్ పెద్దగా మారదు. హైడ్రోజన్ అలా కాదు: సెల్యులోజ్‌లోని హైడ్రాక్సిల్ (ఆక్సిజన్‌తో జతకట్టిన హైడ్రోజన్) గుంపులోది అద్దకం నీటితో మారిపోతుంది. దాన్ని ఎలా సరిచేస్తారో ల్యాబ్‌ను ముందే అడగండి. కాల్షియం, సోడియం లాంటి మూలకాల అంకెలను రంగేసిన గుడ్డలో నమ్మొద్దు, అవి అద్దకం నీళ్లవి కూడా కావచ్చు.

క్యూసీ_తిరుపూర్:
శాంపిల్ ప్రింట్ లేని చోట కత్తిరించండి. పిగ్మెంట్ ప్రింట్‌లో రంగును గుడ్డకు అంటించే బైండర్ సాధారణంగా యాక్రిలిక్, దాని ఆక్సిజన్ పత్తిది కాదు. కుట్టు దారం తరచూ పాలిస్టరే, కాబట్టి కుట్టు, లేబుల్ వదిలేయండి. మెడపట్టీలో ఎలాస్టేన్ (సాగే సింథటిక్ దారం) ఉంటే అదీ వద్దు. మిషన్‌లోకి వెళ్లేది మిల్లీగ్రాము లోపే, అందుకే ఒక్క పోగు పొరపాటున వచ్చినా అంకె తప్పుతుంది. కొలిచే ముందు బాగా ఆరబెట్టకపోతే గాలిలో తేమే లెక్కలోకి వస్తుంది.

గుంటూరు_నూలు:
మా బ్లోరూమ్‌లో (బేళ్లు విప్పి దూది శుభ్రం చేసే చోట) ఒకే లేడౌన్‌లో, అంటే ఒకేసారి పరిచే బేళ్ల వరుసలో, మూడు జిల్లాల బేళ్లు కలుపుతాం. అప్పుడో?

ల్యాబ్_బెంచ్:
అసలు చిక్కు అదే. వచ్చేది సగటు అంకె. ఆ సగటు ఏ ఒక్క జిల్లాకూ సరిపోకపోవచ్చు, ఇంకో దేశపు అంకెలా కూడా కనిపించొచ్చు. అందుకే లేడౌన్‌లోని ప్రతి లాటు బేళ్ల నుంచి గుప్పెడు దూది తీసి, లాటు నంబరు, జిన్నింగ్ మిల్లు పేరు, తేదీ రాసిన కాగితం కవర్లో దాచండి. టీషర్టుతో పాటు ఆ దూదినీ, ఏ లాటు ఎంత శాతమో రాసిన షీటునూ పంపితే ల్యాబ్ రెండూ పోల్చి చూస్తుంది.