అడవి ఒక ఏడు, వీధి ఒక ఏడు: ఓరియంటీరింగ్ ప్రపంచ పోటీని రెండుగా కోయడం సబబేనా?

కాంటూరు కామేశం

నా మాట ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోవచ్చు. లాంగ్ (అడవిలో గంటకు పైగా సాగే పొడవాటి పరుగు) లేని పోటీకి ప్రపంచ ఛాంపియన్‌షిప్ అని పేరు పెట్టకూడదు.

కొత్తగా చూస్తున్నవాళ్ళకు రెండు ముక్కలు. చేతిలో మ్యాపు, దిక్సూచి. మ్యాపులో గుర్తుపెట్టిన కంట్రోళ్ళన్నీ, అంటే చేరాల్సిన చోట్లన్నీ, వరస తప్పకుండా పంచ్ చేసుకుంటూ (వచ్చినట్టు గుర్తు వేయించుకుంటూ) ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్ళదే గెలుపు. దారి ఎవరూ చెప్పరు. 1966లో ఫిన్లాండ్‌లోని ఫిస్కార్స్‌లో మొదటి ప్రపంచ పోటీ పెట్టినప్పుడు ఇది అచ్చంగా అడవి ఆట. ఊళ్ళో పరిగెత్తే స్ప్రింట్ 2001లో టాంపెరెలో వచ్చి చేరింది. ఆడా మగా కలిసి ఒకే జట్టుగా పరిగెత్తే స్ప్రింట్ రిలే 2014లో ఇటలీలో. అంతవరకు నాకేం పేచీ లేదు, అన్నీ ఒకే వారంలో జరిగేవి. ఆ తర్వాత రెండు ముక్కలు చేశారు, ఒక ఏడు వీధి పరుగులు, ఒక ఏడు అడవి పరుగులు. 2022 డెన్మార్క్‌లో స్ప్రింట్, 2023 స్విట్జర్లాండ్ ఫ్లిమ్స్‌లో అడవి, 2024 ఎడిన్‌బరోలో స్ప్రింట్, 2025 ఫిన్లాండ్ కుఓపియోలో అడవి, 2026 జెనోవాలో మళ్ళీ స్ప్రింట్.

2005లో జపాన్‌లోని ఐచిలో స్విట్జర్లాండ్ సిమోన్ నిగ్లీ ఏం చేసిందో గుర్తుందా? స్ప్రింట్, మిడిల్ (అడవిలోనే, లాంగ్ కంటే చిన్న పరుగు), లాంగ్, రిలే, నాలుగింటా స్వర్ణమే. 2003లో సొంతగడ్డ మీద కూడా అంతే. పావుగంట పరుగూ ఆమెదే, గంట దాటిన పరుగూ ఆమెదే. ఇవాళ అలాంటి మనిషి మళ్ళీ పుట్టినా నిరూపించుకోవడానికి ఆ వారమే లేదు.

మెట్లదారి

కామేశం గారూ, నిగ్లీ పేరు తీస్తే ఎవరం నోరెత్తలేమని మీకు తెలుసు, అందుకే మొదటి పోస్టులోనే దింపారు :)

కానీ లెక్క సరిచూద్దాం. 1966 నుంచి 2003 దాకా ప్రపంచ పోటీ రెండేళ్ళకోసారే జరిగేది. 1978, 1979 వరసగా వచ్చాయి, అది తప్ప. ఏటా జరగడం అన్నది 2003 తర్వాతి అలవాటు. అంటే మీరు పాతకాలపు అడవి పోటీ అని తలుచుకునేదంతా రెండేళ్ళకోసారి వచ్చిన పండగే. ఇప్పుడూ అడవికి రెండేళ్ళకోసారి వస్తోంది. పోయిందేమిటి? మధ్య ఏడు ఖాళీగా ఉండేది, అందులో స్ప్రింట్ పెట్టారు. ఖాళీ గదిలో అద్దెకు దిగినవాణ్ణి పట్టుకుని ఇల్లు కబ్జా చేశాడంటే ఎలా?

ఇంకోటి. యూరప్ ఛాంపియన్‌షిప్‌ని ఎదురు వరసలో పెట్టారు. 2023లో ప్రపంచ పోటీ అడవిలో, యూరప్ పోటీ వెరోనా వీధుల్లో. 2024లో ప్రపంచ పోటీ ఎడిన్‌బరో వీధుల్లో, యూరప్ పోటీ హంగరీ అడవుల్లో. ఏ ఏడాదీ ఎవరూ పస్తుండటం లేదు.

అడవిచుక్క

"ఎవరూ" అనకండి. యూరప్ పతకం యూరప్ వాళ్ళకే. న్యూజిలాండ్ అమ్మాయికో, జపాన్ అబ్బాయికో వెరోనా ఎందుకు? వాళ్ళు ప్రపంచ కప్పు పాయింట్ల కోసం అక్కడ పరిగెత్తొచ్చు, మెడలో మాత్రం ఏమీ పడదు. అడవిలో గట్టివాడైన ఆస్ట్రేలియా కుర్రాడికి స్ప్రింట్ ఏడంటే ఆ ఏడు లేనట్టే. ఈ ఆటలో ఒంట్లో వేగం, తలలో అనుభవం రెండూ ఒకేసారి నిండుగా ఉండే కాలం ఎంతని? అందులో సగం తీసేశారు.

(పాత పోటీల గురించి మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నా. కానీ అప్పట్లో అందరికీ ఒకేలా ఖాళీ. ఇప్పుడు పక్కింట్లో పెళ్ళి జరుగుతుంటే మనం కిటికీలోంచి చూడాలి.)

ఒక్కసీటు

నేను చిన్న దేశాల వైపు నుంచి మాట్లాడతా. పెద్ద దేశాల అభిమానులకు ఇది కనబడదు.

ప్రపంచ పోటీ లాంగ్‌లో దేశం స్థాయిని బట్టి సీట్లు. పెద్ద దేశానికి ముగ్గురు, మధ్యవాళ్ళకు ఇద్దరు, మిగతా వాళ్ళకు ఒక్కరు. స్ప్రింట్‌లో అలా కాదు, ఏ దేశమైనా క్వాలిఫికేషన్‌కు, అంటే ఫైనల్‌కు ముందు జరిగే వడపోత హీట్‌లకు, ముగ్గురిని దింపొచ్చు. ఓడిపోతే ఓడిపోతారు, కానీ పరిగెత్తి ఓడిపోతారు. జాబితాలో పేరు లేక ఇంట్లో కూర్చోవడం, పొద్దున్న హీట్‌లో ఓడిపోవడం ఒకటి కాదు.

పైగా అడవి సాధన చేయాలంటే ఆ రకం అడవి ఉండాలి. నాచు పట్టిన బండలు, అడుగు దిగిపోయే బురద, పది మీటర్ల అవతల ఏముందో తెలియని చెట్లు, ఇవి నార్డిక్ పిల్లలకు పెరట్లో ఉంటాయి. స్ప్రింట్‌కు ఏ కళాశాల ఆవరణైనా చాలు. 2022లో మహిళల స్ప్రింట్ వ్యక్తిగత స్వర్ణం బ్రిటన్‌కు చెందిన మెగన్ కార్టర్ డేవీస్‌ది. స్వీడన్ కాదు, నార్వే కాదు, స్విట్జర్లాండ్ కాదు. ఆ ఫలితం చూసిన చాలామంది కోచ్‌లకు ఆ రోజు నిద్ర పట్టి ఉండదు, సంతోషంతో.

కాంటూరు కామేశం

బ్రిటన్‌ని చిన్న దేశం కింద రాస్తే వాళ్ళు నొచ్చుకుంటారు :) 2008లో పురుషుల రిలే స్వర్ణం ఎవరిది? అదీ అడవే. కాబట్టి అడవిలో బయటివాళ్ళు గెలవరన్నది సగం నిజం.

సరే, అసలు విషయానికి వద్దాం. లాంగ్ అంటే ఏమిటో పరిగెత్తినవాడు చెప్పాలి. 1:15000 మ్యాపు. మ్యాపులో ఒక మిల్లీమీటరు నేల మీద పదిహేను మీటర్లు. రెండున్నర కిలోమీటర్ల లెగ్ (ఒక కంట్రోల్ నుంచి తర్వాతి దాకా పరుగు) ఒకటి వస్తుంది, మధ్యలో కొండ. ఎడమ నుంచి చుట్టి వస్తే బాట ఉంది కానీ దూరం. కుడి నుంచి చిత్తడి. నేరుగా వెళ్తే ఎక్కుడు. నిర్ణయం ఇరవై సెకన్లలో తీసుకోవాలి, దాని ఫలితం పావుగంట తర్వాత గానీ తెలియదు. ఆ పావుగంటా అనుమానంతోనే పరిగెత్తాలి.

ఒకసారి నేను అచ్చం ఒకేలా ఉన్న రెండు లోయల్లో పక్కదాంట్లోకి దిగాను. కాంటూరు రేఖలు సరిపోతున్నాయి, బండ ఉండాల్సిన చోట బండ ఉంది, చిత్తడి ఉండాల్సిన చోట చిత్తడి ఉంది. లేనిది కంట్రోల్ ఒక్కటే. మన బుర్ర ఎంత మోసం చేస్తుందంటే, మ్యాపుకు సరిపడేలా అడవినే మార్చి చూపిస్తుంది. తొమ్మిది నిమిషాలు అక్కడే గిరగిరా తిరిగా. ఈ పాఠం వీధిలో దొరకదు.

మెట్లదారి

వీధి నేర్పే పాఠం వేరు, అంతే.

నా కథ వినండి. 1:4000 మ్యాపు, ఎనిమిదో కంట్రోల్. నేరుగా పదడుగుల్లో పువ్వుల మడి. మ్యాపులో ముదురు ఆలివ్ పచ్చ, అంటే కాలు పెట్టకూడదు. పరుగులో అది మామూలు గడ్డి పసుపులా కనబడింది నాకు. రెండడుగులు వేశాను. పూలకేం కాలేదు, నాకు డిస్‌క్వాలిఫికేషన్. గోడ కూడా అంతే. లావు నల్ల గీతైతే మోకాలెత్తు ఉన్నా దాటకూడదు, సన్న బూడిద గీతైతే దాటొచ్చు. కిలోమీటరుకు నాలుగు నిమిషాల లోపు వేగంతో పోతూ ఆ తేడా పట్టుకోవాలి. అడవిలో తప్పు చేస్తే నిమిషాలు పోతాయి, వెతుక్కుని తెచ్చుకోవచ్చు. ఇక్కడ సెకన్లు పోతాయి, ఎక్కడా దొరకవు.

నాకౌట్ స్ప్రింట్ (రౌండు రౌండుకీ కొందరు బయటికి పోయే పోటీ) చూడండి ఇంకా. ఆరుగురు పక్కపక్కన. రన్నర్స్ ఛాయిస్ అన్న రౌండ్లో మూడు కోర్సులు చూపించి ఇరవై సెకన్లలో ఒకటి ఎంచుకోమంటారు. మీ లెగ్‌లోనూ ఇరవై సెకన్లేగా!

రెండో లెగ్

ఇద్దరూ ఏది గొప్పదో వాదించుకుంటున్నారు. ప్రశ్న అది కాదు కదా? రెండూ గొప్పవే, ఒకే వారంలో ఉండాలా వద్దా అన్నదే ప్రశ్న.

నిర్వహణ వైపు కొంచెం పనిచేసిన అనుభవంతో చెప్తున్నా. 2014లో స్ప్రింట్ ఫైనల్ వెనిస్ కాలువల మధ్య, లాంగ్ ఎక్కడో కొండల మీద లావరోనెలో. చూసేవాళ్ళకు అద్భుతం. నిర్వాహకులకు రెండు పెళ్ళిళ్ళు ఒకే ముహూర్తానికి చేసినట్టు. రెండు రకాల మ్యాపు బృందాలు, రెండు చోట్ల కెమెరాలు, రెండు చోట్ల అనుమతులు. అడవి కోసం భూమి యజమానులు, వేటగాళ్ళ సంఘాలు, పక్షులు గుడ్లు పెట్టే కాలం. ఊరి కోసం దుకాణాలు, బస్సులు, పోలీసులు. మంచి అడవి, మంచి పాత ఊరు పక్కపక్కనే దొరికే చోట్లు తక్కువ. కలిపే పెట్టాలంటే అడిగే దేశాలే మిగలవు.

ఇంకా ఒక తలనొప్పి, ఎంబార్గో. పోటీ జరిగే అడవిలోకి ఏళ్ళ ముందే పోటీదారులను రానివ్వకుండా మూస్తారు. ఊరిని మూయలేం. అందరూ వీధి చిత్రాలు చూసి ఇంట్లోనే మ్యాపులు గీసుకుంటారు, లెగ్‌లు ఊహించుకుంటారు. అందుకే పోటీ రోజు పొద్దున్నే తాత్కాలిక కంచెలు కట్టి, కంఠస్థం చేసిన సందులను మూసేస్తారు. ఆ కంచెలు కట్టే రాత్రి ఎంత పనో కట్టినవాడికే తెలుసు. దీని పక్కన లాంగ్ కోర్సు కూడా వేయమంటే దండం పెడతా.

అడవిచుక్క

ఒకటి ఎవరూ అనడం లేదు, నేను అనేస్తా. స్ప్రింట్ ఏడు పుట్టింది కెమెరా కోసం, కెమెరా ఒలింపిక్స్ కోసం. ప్రపంచ క్రీడల్లో (ఒలింపిక్స్‌లో లేని ఆటల కోసం జరిగే వరల్డ్ గేమ్స్) 2001 అకితా నుంచి ఉన్నాం, ఒలింపిక్స్ గుమ్మం మాత్రం దాటలేదు. మథియాస్ కిబుర్జ్‌ని చూడండి, ప్రపంచ ఛాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. దేనికి? మారథాన్‌కు. మ్యాపు ఇంట్లో పెట్టి వెళ్ళాడు.

రాని అతిథి కోసం ఇల్లంతా ఎన్నాళ్ళు సర్దుతాం?

ఒక్కసీటు

మీ మాటలోనే సమాధానం ఉంది. 2025లో చెంగ్డూ ప్రపంచ క్రీడల్లో మిడిల్, స్ప్రింట్, స్ప్రింట్ రిలే మూడూ పెట్టారు. కలపడం కుదురుతుంది. కానీ లాంగ్ లేదు చూశారా? కలిపి కుదించాల్సి వస్తే ముందు పోయేది మీ లాంగే. విడగొట్టడం వల్లే అది బతికి ఉంది.

కాంటూరు కామేశం

ఇది బాగా తగిలింది. ఆలోచించాలి.

కానీ రిలే గురించి ఒక మాట. 2009, హంగరీలోని మిష్కోల్జ్. పురుషుల రిలే ఆఖరి వంతులో పతకాల కోసం పోతున్న స్వీడన్ మార్టిన్ యోహాన్సన్ తొడలో కర్ర లోతుగా దిగింది. ఫ్రాన్స్ తియెరీ గియోర్గూ, నార్వే ఆందెర్స్ నూర్‌బెరి, చెక్ మిఖల్ స్మోలా ముగ్గురూ పరుగు ఆపేసి అతని దగ్గర ఉండిపోయారు. స్వర్ణం స్విట్జర్లాండ్‌కు వెళ్ళింది. ఏ కెమెరా ముందూ జరగలేదది.

మెట్లదారి

అది అడవి గొప్పతనానికి సాక్ష్యం, విడగొట్టడం తప్పనడానికి కాదు. మీరు ఇందాకటి నుంచీ ఇదే చేస్తున్నారు.

మీ అసలు బాధ "పూర్తి ఓరియంటీర్ ఎవరో తేలదు" అనేది కదా. కాస్పర్ ఫోసర్ 2021లో చెక్‌లో లాంగ్ గెలిచాడు, 2022లో డెన్మార్క్‌లో పురుషుల స్ప్రింట్ గెలిచాడు. తేలలేదా?

కాంటూరు కామేశం

ఫోసర్ సంగతి కాదనను. కానీ బూట్లు మార్చి, ఏడాదంతా తారు రోడ్డు మీద సాధన చేసి గెలవడం వేరు. సోమవారం సందుల్లో పరిగెత్తి, ఆ కాళ్ళతోనే శుక్రవారం చిత్తడిలో గంటన్నర పరిగెత్తడం వేరు. నేను అడిగేది ఆ రెండోది.

ఒక్కసీటు గారి మాట తర్వాత కొంచెం తగ్గుతాను: విడిగానే పెట్టండి, కానీ నాలుగేళ్ళకోసారి రెండూ కలిపి ఒక వారం. నిర్వాహకులు దొరుకుతారా, రెండో లెగ్ గారూ?

రెండో లెగ్

నాలుగేళ్ళకోసారి అయితే ఒకరిద్దరు దొరకొచ్చు. కంచెలు కట్టడానికి మీరు వస్తానంటే.