అప్‌డేట్: టోక్యో విందులో చాప్‌స్టిక్స్, మద్యం మర్యాదలు

టోక్యోలో జరగబోయే కార్యాలయ విందులో చాప్‌స్టిక్స్‌ను ఎలా వాడాలో, మద్యం తీసుకోనని ఎలా చెప్పాలో ఇక్కడ అడిగాను. విందు సజావుగా ముగిసింది. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అన్నిటికంటే అక్కరకు వచ్చింది గ్లాసును ఖాళీ కానివ్వవద్దన్న సలహా. అటువంటి విందుల్లో ఎవరి గ్లాసు వారు నింపుకోవడం కంటే పక్కవారు నింపడమే మర్యాద. గ్లాసు ఖాళీ అయితే ఇంకా కావాలనుకుంటారు కనుక, నేను ఊలాంగ్ టీ తెప్పించుకుని, అందరూ ‘కంపాయ్’ (మన ‘చీర్స్’ లాంటి మాట) అనేవరకు ఆగి, ఆపైన కొద్దికొద్దిగా తాగుతూ గ్లాసును సగానికి పైగా నిండుగానే ఉంచాను. ఎవరూ బలవంతపెట్టలేదు.

చాప్‌స్టిక్స్‌ను అన్నంలో నిలువుగా గుచ్చకూడదని, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకు ఆహారం అందించకూడదని మీరు చెప్పారు. మొదటిది మృతులకు అన్నం సమర్పించే తీరును, రెండవది దహనం తరువాత అస్థికలను ఏరే తీరును గుర్తుకు తెస్తుందని మాకు ఆతిథ్యమిచ్చిన అధికారి వివరించారు. వాడనప్పుడు వాటి కొనలను ఎదురుగా ఉన్న చిన్న పింగాణీ దిమ్మెపై ఆనించి ఉంచితే చాలు.

నూడుల్స్‌ను శబ్దం చేస్తూ జుర్రడంపై ఇక్కడ సాగిన సుదీర్ఘ చర్చ మాత్రం, సరదాగా ఉన్నా, అవసరపడలేదు. ఆ రోజు నూడుల్సే వడ్డించలేదు. టిప్ గురించిన బెంగ కూడా అనవసరమే, అక్కడ సాధారణంగా ఆ ఆచారం లేదు.