పొద్దున్నే స్టార్ట్ అవ్వని పాత డీజిల్ కారు: పంపు విప్పమంటున్నారు, విప్పించాలా?

కోటవీధి_విజయనగరం:
అందరికీ నమస్కారం. నాన్నగారు 2007లో కొన్న డీజిల్ కారు మాది, ఏపీ 35 నంబరు, 1,84,000 కిలోమీటర్లు తిరిగింది. కంప్యూటర్‌తో నడిచే కొత్త కామన్ రైల్ రకం కాదు, డీజిల్‌ని ఒత్తిడితో నాజిల్స్‌కి పంపే పాత రకం మెకానికల్ పంపు ఇంజిన్. 2022లో ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ చేయించాం, అప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

దసరా తర్వాత వచ్చే సిరిమానోత్సవం అయిన వారం నుంచి పొద్దున్నే స్టార్ట్ అవ్వడం లేదు. సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది, బ్యాటరీ కొత్తది, అయినా ఐదారు సార్లు కొడితే గానీ అందుకోదు, అందుకున్నాక కూడా అర నిమిషం బండి మొత్తం ఊగిపోయి తర్వాత సర్దుకుంటుంది. ఒకసారి వేడెక్కాక మాత్రం ఏ లోపమూ లేదు. బొబ్బిలిలో నా ఆఫీసు, అక్కడ రోజంతా ఎండలో పడి ఉన్నా సాయంత్రం ఒక్క సెల్ఫ్‌కే వచ్చేస్తుంది. మైలేజీ తగ్గలేదు, నల్ల పొగ లేదు, కింద చుక్క డీజిల్ కారడం లేదు.

ఇక్కడ ఒక మెకానిక్‌కి చూపిస్తే పంపు అయిపోయింది, పంపు, నాజిల్స్ కలిపి ఓవరాలింగ్‌కి 22 వేలు అవుతుందన్నాడు. మొన్నటిదాకా సందులో పెట్టేవాళ్లం, ఆటోలు గీసేస్తున్నాయని దసరా ముందు గేటులోపలికి ర్యాంపు కట్టించాం, దానికి ఇప్పటికే చాలా ఖర్చయింది. అమ్మని పదిహేను రోజులకోసారి విశాఖ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాలి, ఆ టైంకి బండి రాకపోతే ఏటి చేయాలో అని రాత్రి నుంచే టెన్షన్. పంపు విప్పించమంటారా?

రాజాం_డీజిల్:
హీటర్ ప్లగ్గులు, అంటే స్టార్ట్ అయ్యే ముందు ఇంజిన్ లోపల వేడి పుట్టించేవి, అవి చూడకుండా పంపు జోలికి వెళ్లొద్దు అన్నా. ఈ రకం ఇంజిన్లలో డీజిల్ నేరుగా సిలిండర్లో కాదు, పక్కన చిన్న గదిలో మండుతుంది, చలికి ఆ గది గోడలు వేడిని లాగేస్తాయి కాబట్టి ప్లగ్గులు లేకపోతే పొద్దున్న ఇలాగే ఏడిపిస్తుంది. చెక్ చేయడం సులువే. నాలుగు ప్లగ్గుల్ని కలిపే పట్టీ విప్పేయండి, 12 వోల్టుల టెస్ట్ లైటు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి పెట్టి రెండో కొస ఒక్కో ప్లగ్గు నెత్తిన ఆనించండి. లైటు వెలిగితే ప్లగ్గు లోపల తెగలేదు, వెలగకపోతే పోయింది. తాళం తిప్పినప్పుడు ఆ పట్టీకి కరెంటు వస్తోందా లేదా కూడా చూడాలి, ఒక్కోసారి ప్లగ్గులన్నీ బాగానే ఉండి వాటికి కరెంటు వదిలే రిలే పోతుంది. డాష్‌బోర్డు మీద కాయిల్ లైటు (తాళం తిప్పగానే వెలిగే హీటర్ గుర్తు) వెలిగినంత మాత్రాన ప్లగ్గులు పనిచేస్తున్నాయని కాదు.

పలాస_హైవే:
స్టార్టింగ్ స్ప్రే దొరుకుతుంది కదా, ఎయిర్ ఫిల్టర్ తీసి రెండుసార్లు కొడితే ఎంత మొండి బండైనా వచ్చేస్తుంది, మా లారీలకి అదే వాడేవాళ్లం.

నాగావళి_గట్టు:
పలాస తమ్ముడూ, హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌కి ఆ మాట చెప్పొద్దు. ఎర్రగా కాలిన ప్లగ్గుకి ఆ స్ప్రేలో ఉండే ఈథర్ తగిలితే పిస్టన్ పైకి రాకముందే భగ్గుమంటుంది, పిస్టనో కనెక్టింగ్ రాడ్డో పోతుంది. అలా పోయిన ఇంజిన్ దింపి చూశాను.

ఇక కోటవీధి బాబూ. శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లు డీజిల్ బళ్ల పనే చేశాను, ఇప్పుడు మానేశాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను. బొబ్బిలిలో బండి ఎనిమిది గంటలు నిలబడినా ఒక్క సెల్ఫ్‌కే వస్తోంది. పంపు అరిగిపోతే వేడి మీదే ముందు మొరాయిస్తుంది, ఎందుకంటే వేడికి డీజిల్ పలచబడి అరిగిన చోట ప్రెజర్ నిలవదు. నీది దానికి పూర్తిగా తిరగబడి ఉంది. ర్యాంపు దసరా ముందు కట్టారు, రోగం దసరా తర్వాత వచ్చింది. బండిని ముక్కు పైకి పెట్టి ఎక్కిస్తున్నారు కదా? ట్యాంకు వెనక, ఇంజిన్ ముందు. దారిలో ఎక్కడో సన్న చీలిక ఉంది, అక్కడ గాలి పట్టి రాత్రంతా డీజిల్ మెల్లగా వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందని నా అనుమానం. సందులో చదునుగా ఉన్నన్నాళ్లూ అది బయటపడలేదు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్నదంతా లాగే వైపు, అక్కడ చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే నీకు కింద తడి కనబడలేదు.

పైసా ఖర్చు లేకుండా తేల్చుకో. ఈ రాత్రి బండిని రివర్సులో ర్యాంపు ఎక్కించు, ముక్కు కిందికి, తోక పైకి ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకి రాళ్లు పెట్టడం మరిచిపోకు. పొద్దున్న సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఒకరిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టి పొగ చూడమను. తిరుగుతున్నంతసేపూ అసలు పొగే లేకపోతే సిలిండర్లోకి డీజిల్ రావట్లేదని, తెల్ల పొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ వస్తోంది గానీ మండట్లేదని, అంటే రాజాం ఆయన చెప్పిన ప్లగ్గులు. ఇంకోటి, సెల్ఫ్ పది సెకన్లకి మించి పట్టుకోవద్దు, అర నిమిషం ఆగి మళ్లీ కొట్టు, లేకపోతే మోటారు కాలి ఆ ఖర్చు తోడవుతుంది.

కళింగపట్నం_సముద్రం:
మా వైపు ఉప్పుగాలికి ఎర్త్ వైరు చివర తుప్పు పట్టి ఇలాంటి తలనొప్పి వచ్చేది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజిన్ బాడీకీ మధ్య మీటరు పెడితే అర వోల్టు లోపే చూపిస్తే ఆ అనుమానం వదిలేయొచ్చు. ఇంకా, 2007లో మన జిల్లాల్లో దొరికిన బీఎస్-2 డీజిల్‌లో సల్ఫర్ 500 పీపీఎం దాకా ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6లో అది 10కి దిగింది. డీజిల్ తీరు మారినప్పుడు పాత రబ్బరు సీళ్లు ముడుచుకుని గాలి పట్టడం చాలా చోట్ల చూశారు. పైపులు మార్చేటప్పుడు డీజిల్‌కి పనికొచ్చే రకమే అడగండి, నీళ్ల పైపు వేస్తే నెలల్లో ఉబ్బి మెత్తబడిపోతుంది.

కోటవీధి_విజయనగరం:
గురువుగారూ, రాత్రి రివర్సులో పెట్టాను. ఇవాళ ఐదున్నరకి రెండో సెల్ఫ్‌కే వచ్చేసింది! నెల రోజుల్లో ఇలా రావడం ఇదే మొదటిసారి. మా తమ్ముడు వెనక నిలబడి చూశాడు, కొంచెం తెల్ల పొగ వచ్చిందన్నాడు. నిన్నటిదాకా తిరుగుతున్నంతసేపూ పొగే ఉండేది కాదు, ఇప్పుడు ఆలోచిస్తే గుర్తొస్తోంది.

నాగావళి_గట్టు:
అయితే గాలే. తెల్ల పొగ ఉందన్నావు కాబట్టి ప్లగ్గు కూడా ఒకటి పోయి ఉంటుంది, రెండూ చూడాలి. ఫిల్టరుకీ పంపుకీ మధ్య ఉన్న పైపు తీసి లోపల కనబడే పారదర్శకమైన పైపు ముక్క తాత్కాలికంగా వేయించు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అందులో బుడగలు వరసగా వస్తుంటే చీలిక ఫిల్టరుకి వెనకాల, ట్యాంకు వైపు ఉంది. బుడగలు లేకుండా, పొద్దున్న చూసేసరికి మాత్రం పైపు ఖాళీగా కనిపిస్తే నాజిల్స్ మీది సన్న రిటర్న్ పైపులు చూడు, గుడ్డ చుట్టి ఉంటుంది, వయసైతే బీటలిస్తాయి. ఫిల్టరు కింద మర కొంచెం వదులు చేసి గ్లాసులోకి పట్టు, వానాకాలం నీళ్లు ఉంటే అడుగున విడిగా కనబడతాయి. అంతా బిగించాక ఫిల్టరు మీది హ్యాండ్ పంపు గట్టిపడే దాకా నొక్కి అప్పుడు సెల్ఫ్ కొట్టు.

కోటవీధి_విజయనగరం:
ఆదివారం వేరే కుర్రాడిని ఇంటికి పిలిచి పక్కనే ఉండి చేయించాను. పైపులో బుడగలు వరసగా వచ్చాయి. ట్యాంకు నుంచి వచ్చే ఇనప గొట్టాన్ని ఫిల్టరుకి కలిపే జానెడు రబ్బరు పైపు, క్లిప్పు కింద సన్నగా చుట్టూ చీలిపోయింది, వంచితే గానీ కనబడలేదు. ఫిల్టరు నుంచి గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు దిగాయి. టెస్ట్ లైటు పెడితే మూడో సిలిండర్ ప్లగ్గు వెలగలేదు, రాజాం అన్నకి థ్యాంక్స్. పైపు, రెండు క్లిప్పులు, ఫిల్టరు, నాలుగు ప్లగ్గులు, కూలీ అన్నీ కలిపి 3,400 అయింది. పంపుకి ఎవరూ పానా పెట్టలేదు. నాలుగు రోజులుగా ముక్కు పైకే పెడుతున్నాను, కాయిల్ లైటు ఆరగానే ఒక్క సెల్ఫ్. నిన్న అమ్మని విశాఖ తీసుకెళ్లి వచ్చాం.

నాగావళి_గట్టు:
సంతోషం బాబూ. వారం తిరిగాక క్లిప్పులు ఒకసారి బిగించు, కొత్త రబ్బరు వేడికి సర్దుకుంటుంది. ఆ గొట్టం రెండో కొస ట్యాంకు దగ్గర కూడా అలాంటి రబ్బరు ముక్కే ఉంటుంది, వయసు దానిదీ అదే, వానలు రాకముందే మార్పించేయ్. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో నాన్నగారి బిల్లుల్లో చూసి చెప్పు.