రోజూ రాయాల్సిందేనా, ఐడియా వచ్చాక రాస్తే చాలదా?

అరపేజీ: "ఐడియాలు రావట్లేదండీ" అని కథలు రాసేవాళ్ల ఈ గ్రూపులో రోజుకొకరు వాపోతున్నారు కాబట్టి చెప్తున్నా. ఐడియా ఉన్నా లేకపోయినా పొద్దున్నే అరగంట రాస్తాను, ఇవాళ్టికి 412 రోజులు. 21 రోజులు ఓపిక పడితే ఎవరికైనా అలవాటైపోతుంది, పట్టకపోతే అది బద్ధకమే.

కొట్టివేత: ఆ 21 ఎక్కడిదండీ? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో, తన పేషెంట్లు కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. జనం "కనీసం" ఎగరగొట్టేశారు, ముక్కుకి చెప్పింది రాతకి అంటగట్టారు. లండన్‌లో పరిశోధకురాలు ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, అలవాటు కుదరడానికి 18 నుంచి 254 రోజుల దాకా పడుతుందని తేలింది, సగటున 66. అదీ నీళ్లు తాగడం, వ్యాయామం లాంటివాటికి, కథలకు కాదు.

పక్కబెంచి: నేను సరిగ్గా 22వ రోజు మానేశా 😄

అరపేజీ: సరే 66 అనుకుందాం, అంకె మారితే విషయం మారుతుందా? ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే పొద్దున్నే ఐదున్నరకి కూర్చుని, ఎదురుగా వాచీ పెట్టుకుని పావుగంటకి 250 పదాలు రాశాడు. 47 నవలలు!

కొట్టివేత: ఆయన్ని లేపడానికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా తీసుకునే పనివాడు ఉండేవాడు, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. పోయినేడు అమ్మ హాస్పిటల్లో ఉంటే మూడు వారాలు పెన్ను పట్టలేదు, రోజూ రాస్తే లెక్కపెట్టే యాప్‌లో నా 93 రోజులు కాస్తా సున్నా అయ్యాయి. ఆ సున్నా చూశాక మళ్లీ నోట్‌బుక్ తెరవలేదు. ఇది బద్ధకమా?

చుక్క: ఒక రోజు తప్పితే పెద్ద తేడా రాదని మీరు చెప్పిన ఆ లాలీ వాళ్లే అన్నారు కదండీ. నేనైతే రోజుకి ఒక్క వాక్యం రాసిపెట్టుకుంటా. "బస్సులో పక్కనావిడ ఫోన్ పెట్టేశాక కూడా సరే, సరే అంటూనే ఉంది." ఐదు నెలలు అలాగే పడుంది. ఓరోజు పేజీలు తిరగేస్తుంటే, ఇంతకీ ఎవరికి సరే అంటోందీ అనిపించింది, కథ అక్కణ్ణుంచే నడిచింది.

అరపేజీ: నేను మొత్తుకునేదీ అదే, రోజూ!

కొట్టివేత: కాదు, చుక్క గారిది ఒక వాక్యం, మీది అరగంట. సూటిగా అడుగుతున్నా, 412 రోజుల్లో ఎన్ని కథలు పూర్తయ్యాయి?

అరపేజీ: లెక్కల మాస్టారిలా నిలదీస్తున్నారే. మీరు రాసినవెన్నో చెప్పండి ముందు.

కొట్టివేత: సున్నా. చెప్పాగా.

అరపేజీ: నాదీ అంతే. పదకొండు మొదలుపెట్టా, ముగింపు దగ్గరికి రాగానే వదిలేసి కొత్తది ఎత్తుకుంటా, ఆ రోజు లెక్క ఎలాగూ పడిపోతుంది కదా. పూర్తి చేస్తే ఎవరికైనా చూపించాలి. ఇన్నాళ్లూ రాసింది ఇదా అంటారని టెన్షన్.

కొట్టివేత: ఒకటి పెట్టండి, చదువుతా. బద్ధకం అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోవాలి.

అరపేజీ: తీసుకున్నా. ఏడోది పెడతా, చివర లేదు.

పక్కబెంచి: ఇంతకీ 21 రోజులా, 66 రోజులా?