ఎఫ్84.5 రిపోర్ట్ వేరే దేశంలో పనికొస్తుందా?

ఐసీడీ-10 (ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా) కింద ఆస్పర్జర్ (ఆటిజంలో ఒక రకం, కోడ్ ఎఫ్84.5) అని రాసిన రిపోర్ట్‌ను డీఎస్‌ఎం-5 (అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ పుస్తకం) వాడేచోట ఒప్పుకుంటారా అన్నది నా ప్రశ్న. కోడ్ ఒక్కటే చూపిస్తే కష్టమే. 2013 నాటి డీఎస్‌ఎం-5లో ఆ పేరే లేదు. స్థిరపడిన పాత నిర్ధారణలను ఆటిజం స్పెక్ట్రమ్‌గా తీసుకోమని అందులో ఉన్న నోట్ దాని ముందటి కూర్పు డీఎస్‌ఎం-4 ప్రకారం ఇచ్చిన వాటికే.

అందుకే రిపోర్ట్‌లో డీఎస్‌ఎం-5 అడిగే లక్షణాలు విడివిడిగా ఉండాలి: సామాజిక సంభాషణ లోపాలు మూడూ, పునరావృత ప్రవర్తనల్లో నాలుగింట కనీసం రెండు, అవి చిన్నప్పటి నుంచే ఉన్నాయన్న ఆధారం. "కళ్లలోకి చూడడు" అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఎప్పుడు, ఎవరితో అన్నది కావాలి.

ఐసీడీ-10 తర్వాతి కూర్పు ఐసీడీ-11లో (ఆటిజం కోడ్ 6ఏ02) ఈ లెక్కా లేదు, డీఎస్‌ఎం-5లో అవసరమైన సాయాన్ని బట్టి ఇచ్చే లెవెల్ 1, 2, 3 కూడా లేవు. మేధో వికాసం, భాషా సామర్థ్యాన్ని బట్టే విభజన. కాబట్టి ఆ రెండింటి పరీక్షల స్కోర్లు జతచేయించండి.