ర్యాగ్‌టైమ్: కాగితం మీద ఉన్నట్టే వాయించాలా, చేతికి వచ్చినట్టా?

రాలీ_అమ్మ

అందరికీ నమస్కారం. మేం నార్త్ కరోలినాలో ఉంటాం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఈమధ్య ఒక పియానో పోటీలో, ర్యాగ్‌టైమ్ అనే పాత అమెరికా పియానో సంగీతం రాసిన నల్లజాతి స్వరకర్త స్కాట్ జాప్లిన్ 1899లో అచ్చు వేయించిన 'మేపుల్ లీఫ్ ర్యాగ్' వాయించింది. హాల్లో చప్పట్లు బాగా పడ్డాయి. జడ్జి ఇచ్చిన కాగితంలో మాత్రం "లయ రాసినట్టు లేదు, స్వింగ్ చేశావు, వేగం ఎక్కువ" అని ఉంది. మార్కులు బాగా తగ్గించారు. మా అమ్మాయి పాత జాజ్ పియానిస్టుల రికార్డింగులు విని అలా నేర్చుకుంది. ఆ రోజు నుంచి పియానో జోలికే పోవడం లేదు. వచ్చే పోటీలోనూ ఇదే వాయించాలని తన కోరిక. ఇంతకీ జడ్జి చెప్పింది సరైనదేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

విశాఖ_పియానో

జడ్జి చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైనదేనమ్మా. పిల్ల బాధపడింది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ర్యాగ్‌లో ఎడమచేయి కింద ఒక స్వరం, పైన ఒక కార్డ్ (ఒకేసారి నొక్కే కొన్ని స్వరాలు), మళ్లీ కింద స్వరం, పైన కార్డ్ అంటూ చెక్కుచెదరకుండా నడుస్తుంది. కుడిచేతి పాట ఆ దెబ్బ మీద పడకుండా కాస్త ముందో వెనకో పడుతుంది. దీన్నే సింకొపేషన్ అంటారు. ఆ ఒత్తులు ఎక్కడ పడాలో జాప్లిన్ కాగితం మీదే లెక్కగా రాశాడు. మీ అమ్మాయి స్వింగ్ చేసిందంటే సమానంగా ఉండాల్సిన స్వరాల జంటలో మొదటిది సాగదీసి రెండోది కుదించి ఉంటుంది. అప్పుడు జాప్లిన్ కట్టిన లెక్క చెదిరిపోతుంది.

ఇక వేగం. ఆయన చాలా ర్యాగ్‌ల మొదటి పేజీ మీద దీన్ని వేగంగా వాయించవద్దు, ర్యాగ్‌టైమ్‌ను వేగంగా వాయించడం ఎన్నడూ సరికాదు అని అచ్చు వేయించాడు. 'ఎంటర్‌టైనర్' (1902) మీద కూడా వేగం వద్దనే ఉంటుంది. 1908లో ఆరు అభ్యాసాలతో ఒక చిన్న పాఠం రాశాడు. ప్రతి స్వరానికీ దాని కాలం దానికి ఇవ్వండి, కలిపి ఉంచమన్న స్వరాలను జాగ్రత్తగా కలపండి, అప్పుడే ఆ ప్రభావం వస్తుందని అందులో చెప్పాడు. రాసినవాడే ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకెవరి మాట కావాలి?

గుంటూరు_కీబోర్డు

ఆ పాప అడిగింది 'మేపుల్ లీఫ్' గురించి. దాని మీద మీరు చెప్పిన మాట లేదు. 'మార్చ్ వేగం' అని ఉంది. వేగం వద్దన్న హెచ్చరికలు ఆ తర్వాత వచ్చిన ర్యాగ్‌ల మీద అచ్చయ్యాయి. ఒక పాట మీద రాసింది తెచ్చి ఇంకో పాటకు అంటించకండి.

విశాఖ_పియానో

మార్చ్ అంటే నడక, పరుగు కాదు. ఆయన సూచనలన్నీ కలిపి చూడాలి.

గుంటూరు_కీబోర్డు

అమెరికా సైనిక కవాతు నిమిషానికి 120 అడుగులు. మీ మెల్లకు, దానికి చాలా దూరముంది. మీ స్టూడెంట్లతో ఎంతలో వాయిస్తారో చెప్పండి.

విశాఖ_పియానో

నిమిషానికి 76 నుంచి 84 దెబ్బలు. హెలికాప్టర్ శబ్దం కాదు కదా వినిపించాల్సింది.

హ్యూస్టన్‌వాసి

మా వీధిలోకి ఐస్‌క్రీమ్ బండి 'ఎంటర్‌టైనర్' వాయిస్తూ వస్తుంది. అది ఇంత పెద్దాయన రాసిన సంగీతమని ఇప్పుడే తెలిసింది.

లయవాది

నేను మృదంగం మనిషిని. పియానో తెలియదు. కానీ ఒకటి అడగాలి. మనం సమం దాటాక ఎత్తుకునే పల్లవి పాడేటప్పుడు చేతి తాళం కదలకుండా ఉంటేనే ఆ ఎత్తుగడ అందం తెలుస్తుంది. ఇక్కడ తాళం పని ఎడమచేయి చేస్తోంది. అమ్మాయి ఎడమచేయి స్థిరంగా ఉందా లేదా? అది స్థిరంగా ఉంటే కుడిచేయి కొంచెం సాగినా వినేవాడికి ఇబ్బంది ఉండదు. అదే ఊగితే 76లో వాయించినా తప్పే. మీరిద్దరూ మెట్రోనోమ్ అంకెల మీద కొట్టుకుంటున్నారు.

గుంటూరు_కీబోర్డు

లయవాది గారు అడిగింది అసలు ప్రశ్న. నేను ఇంకొకటి కలుపుతాను.

1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం జానపద సంగీతం సేకరించే అలన్ లొమాక్స్, న్యూ ఆర్లియన్స్ జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్‌ను రికార్డు చేశాడు. మోర్టన్ 'మేపుల్ లీఫ్'నే రెండు రకాలుగా వాయించి చూపించాడు. జాప్లిన్ ఉన్న మిస్సోరి రాష్ట్రం వాళ్లు ఎలా వాయించేవారో ఒకసారి, న్యూ ఆర్లియన్స్‌లో తాము ఎలా వాయించేవాళ్లమో ఇంకోసారి. రెండోదానిలో స్వింగ్ ఉంది, ఎడమచేతిలో కొత్త నడకలున్నాయి. ఆ కాలంలో బతికిన మనిషి, ఆ వీధుల్లో వాయించిన మనిషి! ఆయనకు కూడా మీ జడ్జి మార్కులు కోస్తారా?

జాప్లిన్ సంగతే చూద్దాం. 1916లో ఆయన పేరుతో వచ్చిన పియానో రోల్స్ ఉన్నాయి, అంటే దానంతటదే మోగే పియానోకు పెట్టే రంధ్రాల కాగితపు చుట్టలు. అందులో ఒక 'మేపుల్ లీఫ్' రోల్‌లో ఎడమచేతిలో అచ్చు కాగితం మీద లేని స్వరాలు వినిపిస్తాయి.

అసలు ర్యాగ్‌టైమ్ ఎందుకు బతికింది? ఎవరికి వాళ్లు మార్చుకోగలిగారు కాబట్టి. జేమ్స్ పి. జాన్సన్ హార్లెంలో ఆ ఎడమచేతిని ఇంకా పెద్ద అంగలు వేయించాడు, అది స్ట్రైడ్ అనే జాజ్ పియానో పద్ధతి అయింది. ఆయన 'కెరొలినా షౌట్' రోల్‌ను మెల్లగా తిప్పుకుంటూ కుర్ర డ్యూక్ ఎల్లింగ్టన్ వేళ్లు పెట్టి నేర్చుకున్నాడు. ఫ్యాట్స్ వాలర్, ఆర్ట్ టేటమ్ ఆ దారిలోనే వచ్చారు. వీళ్లంతా రాసినట్టే వాయించి ఉంటే ఈరోజు మనం మాట్లాడుకోవడానికి ఏముండేది?

విశాఖ_పియానో

1916 నాటికి జాప్లిన్ జబ్బుతో ఉన్నాడు. మరుసటి ఏడే, 1917 ఏప్రిల్ 1న చనిపోయాడు. రోల్ కంపెనీల్లో మనుషులు కూర్చుని రంధ్రాలు సరిదిద్దేవారు, చేర్చేవారు. ఆ అదనపు స్వరాలు ఆయన వేళ్లవేనని మీరెలా చెప్తారు? రోల్ సాక్ష్యం చెల్లదు.

మోర్టన్ మహానుభావుడే, కానీ ఆయన వాయించింది జాజ్. ర్యాగ్‌టైమ్ జాజ్‌కు ముందు మెట్టు అనే మాటే నాకు నచ్చదు. ఒక్కొక్కటి 16 తాళపు గళ్లుండే నాలుగు భాగాలు. 'మేపుల్ లీఫ్'లో మూడో భాగం ఎ ఫ్లాట్ శ్రుతి నుంచి డి ఫ్లాట్ శ్రుతికి వెళ్లి, నాలుగోది మళ్లీ ఇంటికి వస్తుంది. అంత కట్టుదిట్టంగా కట్టిన ఇల్లు అది, మెట్టు కాదు.

బతికింది ఎందుకంటారా? 1970లో జాషువా రిఫ్కిన్ ఈ ర్యాగ్‌లను నిదానంగా, రాసినట్టు, కచేరీ పద్ధతిలో వాయించి రికార్డు వేశాడు. అప్పటిదాకా జనానికి తెలిసింది మేకులు గుచ్చిన పియానో మీద గలగలమనే బార్ సంగీతం. రిఫ్కిన్ తర్వాతే జాప్లిన్‌ను స్వరకర్తగా విన్నారు. 1973లో జాప్లిన్ ర్యాగ్‌లు వాడుకున్న 'ది స్టింగ్' సినిమా వచ్చింది. 1974 దాకా న్యూయార్క్‌లో ఆయన సమాధి మీద పేరు కూడా లేదు. 1976లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. ఈ గౌరవం మొత్తం కాగితాన్ని కాగితంగా చూసినందుకు వచ్చింది.

నిద్రలేని_రాత్రి

'ది స్టింగ్' కథ 1936లో జరుగుతుంది. అప్పటికి ర్యాగ్‌టైమ్ పాతబడిపోయింది. సినిమా వాళ్లకు అది పట్టలేదు, మనకూ పట్టలేదు. బాగుంటే చాలు కదా.

గుంటూరు_కీబోర్డు

"బార్ సంగీతం" అన్నారు చూశారా, అక్కడే తెలిసిపోయింది. మిస్సోరిలోని సెడేలియాలో, సెయింట్ లూయిస్‌లో ఈ సంగీతం పుట్టింది ఆ బార్లలోనే, వేశ్యావాటికల్లోనే. నల్లజాతి పియానిస్టులకు వేరే చోట ఉద్యోగం ఎవరిచ్చారు? పుట్టిన చోటును కడిగేసి, కోటు తొడిగి, కచేరీ హాల్లో కూర్చోబెడితేనే మీకు గౌరవం. మీలాంటి టీచర్ల వల్లే పిల్లలు పియానో మూసేస్తున్నారు.

విశాఖ_పియానో

మీకు నొటేషన్ చదవడం వచ్చా? వస్తే ఇలా మాట్లాడరు.

హ్యూస్టన్‌వాసి

అయ్యో, ఇద్దరూ కొంచెం తగ్గండి.

గుంటూరు_కీబోర్డు

రాదు. ఏం?

మా ఊళ్లో చర్చిలో పన్నెండేళ్ల వయసు నుంచి కీబోర్డు వాయించాను. ఆదివారం పాస్టర్ గారు ఏ శ్రుతిలో పాట ఎత్తుకుంటే ఆ శ్రుతిలో అందుకోవాలి, ముందుగా చెప్పేవారు ఉండరు. పెళ్లిళ్లకు, సమాధి కార్యక్రమాలకు, క్రిస్మస్ రాత్రులకు వాయించాను. హైదరాబాద్ వెళ్లి ఒక సంగీత పాఠశాలలో చేరదామని పోతే అక్కడాయన కాగితం ముందు పెట్టి చదవమన్నాడు. చదవలేకపోయాను. "విని వాయించేది సంగీతం కాదు బాబూ, అనుకరణ" అన్నాడు. నా చేయి ఎలా ఉందో వినను కూడా వినలేదు. మీరిప్పుడు అడిగిన ప్రశ్నే ఆయన అడిగాడు.

అందుకే నాకు లూయీ షోవాన్ అంటే ప్రాణం. సెయింట్ లూయిస్‌లో అందరికంటే గొప్ప పియానిస్టు అని తోటివాళ్లు చెప్పుకున్న మనిషి. చదవడం, రాయడం రాదు. 1908లో, ఇరవైల్లోనే పోయాడు. ఒక్క రికార్డు లేదు. అచ్చయినవి మూడంటే మూడు. అలాంటి షోవాన్‌లు ఎంతమంది పోయారో! మీరు కాగితమే ర్యాగ్‌టైమ్ అంటే వాళ్లంతా లేనట్టే కదా. ఈ గొడవ వేగం గురించి కాదండీ. ఎవరిని లెక్కలోకి తీసుకుంటారన్నది గొడవ.

లయవాది

ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు.

విశాఖ_పియానో

ఆ పాఠశాలలో మీకు జరిగింది అన్యాయం. విని వాయించేవాళ్లను తక్కువ చేసేవాణ్ని కాను నేను. ఎందుకో చెప్తాను.

మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. విజయనగరం, శ్రీకాకుళం ఊళ్లన్నీ తిరిగారు. పద్యానికి ముందు, రాగాలాపన తీసే నటుడికి వెనక, ఆయన సొంతంగా కట్టిన బాణీలు ఎన్నో ఉండేవి. నటులు వాటితో వన్స్‌మోర్లు కొట్టించుకున్నారు. తర్వాత వేరే హార్మోనిస్టులు వాయించారు, వాళ్ల పేరుతో చెలామణి అయ్యాయి. నాన్న ఒక్కటి కూడా రాసుకోలేదు, ఆయనకు రాయడం రాదు. ఆయన పోయాక నాకు గుర్తున్నవి కొన్ని, అవీ సగం సగం. అవి ఆయనవని ఎవరికి చెప్పను? ఏం చూపించను?

జాప్లిన్ ఏం చేశాడో అందుకే నాకు అంత పట్టింపు. సెడేలియాలో 'మేపుల్ లీఫ్' అచ్చు వేసిన ప్రచురణకర్త జాన్ స్టార్క్‌తో ఒప్పందం రాయించుకుని, అమ్మిన ప్రతి కాపీకి ఒక సెంటు తీసుకున్నాడు. నల్లజాతి స్వరకర్తకు పదో పరకో ఇచ్చి హక్కులు మొత్తం రాయించుకునే రోజులవి. 1901లో అమెరికా సంగీతకారుల సంఘం ర్యాగ్‌టైమ్ వాయించవద్దని తన సభ్యులకు తీర్మానం చేసి మరీ చెప్పింది. అలాంటప్పుడు "ఇది నేను రాసింది, ఇలాగే వాయించండి" అని పేజీ మీద అచ్చు వేయించడం అంటే చిన్న సంగతా? ఆయన మొదటి ఆపెరా రాతప్రతి దొరకకుండానే పోయింది. రెండోది 'ట్రీమొనీషా' 1911లో సొంత డబ్బుతో అచ్చు వేయించాడు కాబట్టే 1972లో అట్లాంటాలో రంగస్థలం ఎక్కింది. మార్చి వాయించినప్పుడల్లా నాకు ఆ మనిషి మాట తోసేసినట్టు ఉంటుంది.

మీ షోవాన్ విషయానికి వస్తే, 1907 నాటి 'హీలియోట్రోప్ బొకే' మొదటి రెండు భాగాలు ఆయనవి, మిగతా రెండు జాప్లిన్‌వి. పక్కన కూర్చుని రాసిపెట్టింది జాప్లినే. ఆ కాగితం లేకపోతే మీరు ఆయన పేరు ఇంత ప్రేమగా చెప్పగలిగేవారా?

గుంటూరు_కీబోర్డు

మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను సార్.

కానీ ఒప్పుకోను. 'హీలియోట్రోప్'లో ఆ మొదటి భాగం వినండి. ఆ మత్తు, ఆ ఊగు జాప్లిన్ ఒక్కడే రాసిన వాటిలో ఇంకెక్కడా దొరకదు. షోవాన్ చేతిలో అది రోజుకో రకంగా ఉండి ఉంటుంది. జాప్లిన్ పట్టుకున్నది ఒక రోజుది. దానికి దండం పెడతాను. ఆ ఒక్క రోజే సరైనది, మిగతా రోజులన్నీ తప్పు అంటేనే ఒప్పుకోను.

విశాఖ_పియానో

మిగతా రోజులు నాకు వినిపించవు కదండీ. వినిపించేదాన్ని పట్టుకుంటాను.

రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ 1918లో యూరప్‌లో పదకొండు వాయిద్యాలకు ర్యాగ్‌టైమ్ రాసినప్పుడు ఆయన దగ్గరున్నదీ అచ్చు కాగితాలే. సముద్రం దాటింది కాగితం.

గుంటూరు_కీబోర్డు

ఆయన రాసింది విన్నాను. ఎముకలే ఉన్నాయి. విని రాసి ఉంటే వేరేగా ఉండేది.

రాలీ_అమ్మ

మీరందరూ ఇంత రాస్తారనుకోలేదు. మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు, నేనే అంతా చదివి చెప్పాను. షోవాన్ గురించి రెండుసార్లు చెప్పించుకుంది. ప్రతి భాగం రెండుసార్లు వస్తుంది కదా, మొదటిసారి కాగితం మీద ఉన్నట్టు, రెండోసారి తనకు నచ్చినట్టు వాయించవచ్చా అని అడుగుతోంది.

లయవాది

ముందు ఎడమచేయి ఒక్కటే వాయించి రికార్డు చేసి పెట్టమనండి. వింటాను.

విశాఖ_పియానో

ఇంట్లో, స్నేహితుల ముందు అలా వాయించుకోమనండి. పోటీలో వద్దమ్మా. ముందు ఒక ఏడాది రాసినట్టే వాయించి, జాప్లిన్ ఏం చెప్పాడో చేతికి ఎక్కించుకోవాలి. 84 దాటొద్దు.

గుంటూరు_కీబోర్డు

పోటీలోనే అలా వాయించమనండి. ఏడాది ఆగితే ఆ కోరిక ఉండదు. వేగం మాత్రం 100 దాటనివ్వకండి, దాటితే మూడో భాగంలో చేతులు తడబడతాయి.